వీర చెట్టుకు కట్టిన గుడ్డ సంచులు

సముద్రం ఊరి మీదికి వచ్చిన రోజు తప్ప నేను పురాణం మధ్యలో ఆపి ఎరగను. మొన్న ఆపాను. వలల పాకలో దీపం పెట్టి, గ్రంథం తెరిచి, తాగుబోతుల మీద విరుచుకుపడుతున్నాను. చేపలమ్మే చెంగమ్మ ఖాళీ గంపతో వచ్చి గుంజ పట్టుకుని నిలబడింది. నిలబడి వినేవాళ్ళంటే నాకు గిట్టదు. "కూర్చోవమ్మా! దేవుడి మాట దారిన పోతూ వినేది కాదు" అని గదమాయించాను.

"ఆపు సామీ" అంది చెంగమ్మ. "మేడం పోయింది. నెల్లూరు ఆస్పత్రిలో. ఇప్పుడే ఫోనొచ్చినాది."

గ్రంథం మూశాను. మూస్తుంటే అందులో దాచుకున్న ఎండాకు జారి ఒళ్ళో పడింది. ఆ ఆకు నాకిచ్చిన మనిషే పోయింది. ఒక చెట్టు కాయ కాయడం చూడాలని ఏళ్ళ తరబడి కాచుకుని, చూడకుండానే పోయింది. ఆమెను గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు అన్నం సహించేటట్టు లేదు. నాకు మెత్తగా చెప్పడం చేతకాదు. పడవ మీద పెరిగినవాణ్ణి, బడి మొహం సరిగా చూడనివాణ్ణి, గ్రంథం నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. వచ్చినట్టు చెప్తాను. చిత్తగించండి.

ముత్తుకూరు దాటి దక్షిణంగా పోతే, సముద్రం హోరు వినబడే దూరంలో ఇసుక దిబ్బల మధ్య ఒక మొక్కల పరిశోధన తోట ఉంది. రొయ్యల గుంటలూ, కరెంటు కేంద్రాల బూడిద లారీలూ రాకముందు మా ఒడ్డు పొడుగునా పొట్టి అడవి ఉండేది. మా తాతలు దానిలో దారి తప్పేవారట. ఆ అడవిలోని చెట్లు రకానికి ఒకటీ రెండూ ఆ తోటలో మిగిలాయి. వాటిని చూసుకునే పెద్ద ఆమే. ఎదురుగా ఉంటే మా ఊరివాళ్ళు మేడం అనేవారు, చాటున తోటమ్మ అనేవారు. నేను కోపమొస్తే మేడం అనేవాణ్ణి, లేనప్పుడు అమ్మా అనేవాణ్ణి.

సన్నగా, ఎండుచేపలా ఉండేది. నెత్తిన మగవాళ్ళ టోపీ, కాళ్ళకు కాన్వాసు బూట్లు, మెళ్ళో నల్లతాడుకు వేలాడే భూతద్దం. పెళ్ళి చేసుకోలేదు. చెంగమ్మ మొహం మీదే అడిగేది: "ఏంది మేడం, అందరూ తాళి కట్టుకుంటే నువ్వు అద్దం కట్టుకున్నావే?" ఆమె నవ్వేది. "తాళితో ఏం కనపడుతుంది చెంగమ్మా? దీంతో అయితే చీమ కాలు కూడా కనపడుతుంది."

శివరాత్రి పోయి ఎండ ముదిరేసరికి ఆమెకి పూనకం వచ్చేది. పొద్దు పొడవకముందే తోటలోకి దిగి, "ఈరోజు ఎవరు నిద్ర లేచారో చూద్దాం పదండి స్వామీ" అనేది. గానుగ చెట్టు కింద ఇసుక కనపడకుండా పూలు రాలి ఉండేవి. వాటి మీద అడుగు పడకుండా చుట్టు తిరిగి పోయేది. ఆకు లేని ఊడుగ కొమ్మల నిండా తెల్లపూలు. అల్లి చెట్టుకు కాండం మీదే నీలిపూల గుత్తులు, ఎవరో నీలిమందు చల్లినట్టు. పొన్న దగ్గర మాత్రం ఆగి కళ్ళు మూసుకుని వాసన పీల్చేది. ఒక్క పువ్వు తుంచేది కాదు. ఉగాదికి వేపపూత కోసం మా ఊరి ఆడవాళ్ళు వస్తే చెట్టు కింద పాతచీర పరిచి, రాలినంత ఏరుకోమనేది. కొమ్మ విరిచినవాళ్ళను ఆమె తిట్టిన తిట్లు నేను సారా దుకాణం ముందు కూడా తిట్టి ఉండను.

అన్ని చెట్లూ పూసి కాసేవి. ఒక్కటి కాసేది కాదు. అది వీర చెట్టు.

చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. మెలికలు తిరిగిన మాను, నిగనిగలాడే ముదురాకు, పక్కన నిలబడ్డా కనపడనంత సన్న పూలు. కానీ దాని వేరు ఇసుకను పిడికిలితో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఉప్పుగాలికి తల వంచదు. తుపాను కోసుకుపోయిన మా ఒడ్డున మళ్ళీ వీర చెట్లు నాటాలని ఆమె పట్టుదల. కొమ్మలు నాటి చూసింది, వేరు పట్టలేదు. దూరపు జిల్లాల నుంచి మొక్కలు తెప్పించింది, మా ఉప్పు ఇసుకలో రెండు వేసవులు కూడా నిలవలేదు. ఈ నేలకు పుట్టిన చెట్టు విత్తనమే కావాలి. తోటలో ఉన్నది ఒక్కటే. ప్రతి వసంతంలో పూస్తుంది, ఒక్క పిందె కట్టదు.

గాలీ పురుగూ పూత రాల్చకుండా చేస్తే తనంతట తనే కాయ కడుతుందేమో చూడాలని ఒక ఏడు ఆమె మొగ్గల మీద పల్చటి తెల్లగుడ్డ సంచులు తొడిగి, మెడ దగ్గర దారంతో బిగించింది. అక్కడ మొదలైంది గొడవ. మా వైపు ఆడవాళ్ళు కోరిక ఉంటే గుడ్డలో ముడుపు కట్టి చెట్టుకు వేలాడదీస్తారు. అది తీరేదాకా ముడి విప్పరు. తోటకు చేపలు తీసుకుపోయిన చెంగమ్మ ఆ సంచులు చూసింది. అంత చదువుకున్న ఆమే ఇన్ని ముడుపులు కట్టిందంటే ఇది ఎంత మహిమ గల చెట్టో అనుకుంది. చెంగమ్మకు కడుపు నిలవదు. వచ్చిన ప్రతిసారీ పోయింది. పసుపుగుడ్డ చించి తనూ ఒక ముడుపు కట్టింది. ఇంకేముంది? వారం తిరక్కుండా వీర చెట్టు పెళ్ళిపందిరిలా అయింది.

నాకు తెలిసి ఒళ్ళు మండింది. మూఢత్వం మీద గొంతు చించుకునేవాణ్ణి, నా ఊరివాళ్ళే చెట్టుకు గుడ్డలు కడతారా! గ్రంథం చంకన పెట్టుకుని తోటకు పోయాను.

"ఎవరమ్మా ఇక్కడ చెట్టుకు ముడుపులు కట్టమని చెప్పింది?" అన్నాను గేటు దగ్గరి నుంచే.

"ఎవరూ చెప్పలేదు. ముందు నేనే కట్టాను" అంది ఆమె, నిచ్చెన మీద నుంచి. "మీరెవరు?"

"దేవుడి మాట చెప్పేవాణ్ణి."

"అయితే గట్టిగా చెప్పకండి. పుప్పొడి ఎగురుతుంది."

నా జన్మలో నన్ను గొంతు తగ్గించమన్న మొదటి మనిషి. దిగి వచ్చి అంతా విప్పి చెప్పింది. తెల్ల సంచులు ఎందుకో, పసుపు ముడుపులు ఎలా వచ్చాయో. "మరి అవి ఊడబీకవేమమ్మా?" అన్నాను. ఆమె చెంగమ్మ కట్టిన ముడి కేసి చూసింది. "నేను ఇది విప్పితే ఆమె కడుపులో పిల్లను నేనే తీసేశానని నమ్ముతుంది. ఆ పని నావల్ల కాదు స్వామీ. చెట్టుకు బరువేమీ లేదులెండి, ఉండనివ్వండి."

ఆ ఏడు సంచులు విప్పితే లోపల ఎండిన పూలే. ఆ ఆశా తీరాక అప్పుడు చెప్పింది. వీరలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. ఇది ఆడది. మగ చెట్టు పుప్పొడి తగిలితేనే పిందె. ఆమెకు తెలిసి ఈ ఒడ్డున మగ చెట్టు ఒక్కటీ మిగల్లేదు.

చెంగమ్మ అక్కడే ఉంది. ఊరివాళ్ళు అప్పటికే ఆ చెట్టును గొడ్డు చెట్టు అంటున్నారు. చెంగమ్మను ఏమనేవారో నేను రాయను, మీకు తెలుసు. ఆమె చెట్టు మాను మీద చెయ్యి వేసి, "అట్టయితే దీని తప్పేమీ లేదా మేడం?" అంది.

"లేదు. తోడు లేనిదాన్ని గొడ్డుది అనడం చూపు లేనివాళ్ళు చేసే పని" అంది ఆమె. ఆ మాటలో ఎంత కోపముందో! నేను మైకులో కూడా అంత కోపం పలికించలేను. ఆ రోజు నుంచి ఆ మాట నా పురాణంలో చేరింది. ఎవరన్నదో చెప్పే చెప్పాను.

తరవాత ఆమె వీర ఆకు ఒకటి కోసి నా చేతికిచ్చింది. ఆమె ఆకు కోయడం నేను చూసింది అదొక్కసారే. "మీరు ఊరూరూ తిరుగుతారు కదా. ఎక్కడ పొద తోపు కనపడినా, గుడి వెనక చెట్లు కనపడినా, ఈ ఆకు పెట్టి పోల్చి చూడండి." నేను ఆ ఆకును గ్రంథంలో పెట్టుకున్నాను. మనుబోలు మొదలు పులికాట్ దాకా సైకిలు మీద పురాణాలు చెప్తూ తిరిగాను. చెప్పడం అయిపోగానే హారతి పళ్ళెం కన్నా ముందు చెట్ల దగ్గరికి పోయేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు. "సామికి ఆకు వైద్యం పిచ్చి పట్టింది" అనేవాళ్ళు. ఎక్కడా ఆకు కలవలేదు.

ఈ వెతుకులాటలో మా ఇద్దరికీ జగడాలు బాగా పడేవి. ఆమె గుడికి రాదు. చెయ్యెత్తి దణ్ణం పెట్టదు. "ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యమన్నారమ్మా పెద్దలు" అన్నాను ఒకసారి. "మీ పెద్దలు విత్తనాల పని చేసి ఉండరు స్వామీ" అంది. నాకు నవ్వు ఆగలేదు. దేవుడు కూడా నవ్వి ఉంటాడు.

చివరికి ఉప్పుటేరు అవతలి పల్లెలో, అమ్మవారి తోపులో ఆకు కలిసింది. ముళ్ళపొదల నడుమ, అమ్మవారి రాయికి నీడ పడుతూ, మెలికలు తిరిగిన మాను. ఫోను చేస్తే ఆమె మధ్యాహ్నం ఎండలో పడవ మీద ఏరు దాటి వచ్చింది. అప్పుడే వసంతం మొదలు. తోపు హద్దు దగ్గర నిలబడి, తన వైపు వంగిన కొమ్మను ముట్టకుండా అద్దంలోంచి చూసింది. ఎంతసేపు చూసిందో. ఇటు తిరిగేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "మగదే" అంది.

ఆ పల్లె పెద్దకాపు చెట్టంత మనిషి, మాట తీరు నిదానం. చేతులు జోడించాడు. "మేడం, నీకు దణ్ణం పెడతా. మా అమ్మ తోపులోంచి ఎండు పుల్ల గూడా బయటికి పోదు. మా తాతల నాటి దురాయి. తుపానుకి ఇళ్ళెగిరిపోయినప్పుడు వాసానికని ఒక కొమ్మ ఇరవలా. పాడెకి గూడా ఇరవలా. నువ్వు పూలు అడగతా ఉండావు."

నేను లేచాను. "అమ్మవారు గుప్పెడు పూల కోసం కొట్లాడుతుందా? ఏ గ్రంథంలో ఉందయ్యా నీ కట్టుబాటు?" అని నా పద్ధతిలో మొదలుపెట్టాను. ఆమె నా కండువా పట్టి కిందికి లాగింది.

"కూర్చోండి స్వామీ. ఆ కట్టుబాటు లేకపోతే ఈ చెట్టు ఏనాడో పొయ్యిలో కాలి ఉండేది. కాపాడినవాళ్ళనే తిడతారా?"

పెద్దకాపు ఆ మాటకు కొంచెం మెత్తబడ్డాడు. ఆలోచించి చెప్పాడు, అమ్మవారి మీద పెట్టిన పువ్వు ప్రసాదంగా బయటికి పోవచ్చు, దానికి అడ్డం లేదు. "అయితే ప్రసాదమే ఇవ్వండి" అంది దణ్ణం పెట్టని మనిషి.

మర్నాడు పొద్దున్నే పోయాం. పల్లె అంతా తలంటుకుని నిలబడి ఉంది. డప్పులు పెట్టారు. అమ్మవారికి దీపం పెట్టే ముసలామె పూలను పళ్ళెంలో తెచ్చి ఆమె కొంగులో పోసింది. ఆమె రెండు చేతులా పట్టుకుని, తల వంచి పడవెక్కింది. ఏరు దాటాక కొంగు విప్పింది. పూలను పసుపునీళ్ళలో కడిగి, కుంకుమ అద్ది, పన్నీరు చల్లి ఇచ్చారు. తడి తగిలితే పుప్పొడి చచ్చిపోతుంది. ఆమె ఒళ్ళో ఉన్నది పచ్చటి ముద్ద.

"బుద్ధి లేని జనం!" అన్నాను.

"వాళ్ళ దగ్గరున్న మంచిదంతా పోశారు స్వామీ. పన్నీరు కూడా చల్లారు, చూడండి" అంది. ఆ ముద్దను పారెయ్యలేదు. తోటకు తెచ్చి వీర చెట్టు మొదట్లో పెట్టింది. ఆ ఏడు వసంతం అలా పోయింది.

మరుసటి ఏడు ముందే పోయి కూర్చున్నాం. ఈసారి చెంగమ్మ కూడా వచ్చింది. పూలు పొడిగా కావాలి, నీళ్ళు వద్దు, పసుపు వద్దు అని ఆమె చెప్పగానే పెద్దకాపు మొహం నల్లబడింది. "పసుపు లేకుండా ప్రసాదమా? ముండమోసిన పూలా మేడం మా అమ్మ ఇచ్చేది?" అక్కడికి మాట తెగిపోయేటట్టుంది. నాకూ ఏమీ తోచలేదు. వెతికితే గ్రంథంలో దొరికేది కాదది.

చెంగమ్మ గంప దించి అంది, "పెద్దాయనా, పసుపు పూలకే పుయ్యాలా? తీసుకునే మనిషికి పుయ్యండి. పుణ్యం యాడికి పోతాది?"

ముసలామె పకపకా నవ్వింది. పెద్దకాపు మీసం దువ్వుకున్నాడు. అట్నే కానియ్యమన్నాడు. ఆమె బూట్లు విప్పించి, పీట మీద కూర్చోబెట్టి, పాదాలకు పసుపు రాశారు, నుదుట కుంకుమ పెట్టారు. పూలు మాత్రం అమ్మవారి పాదాల దగ్గర క్షణం పెట్టి, ఎండిన అరటాకు మీద పొడిగా ఇచ్చారు. ఆ రోజంతా ఆమె పచ్చటి కాళ్ళతో, చెప్పులు లేకుండా తోటలో తిరిగింది. "కడుక్కోండమ్మా" అన్నాను. "ఉండనివ్వండి స్వామీ, ఎవరో పెళ్ళి చేసినట్టుంది" అంది. చెంగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ పూల పుప్పొడి చిన్న కుంచెతో ఆడ పూలకు అద్ది, సంచులు తొడిగింది. మిగిలిన పుప్పొడి ఆరబెట్టి, బుడ్డి గాజుసీసాలో పోసి తోట ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టింది. పూలు ఎండిపోయే వేళకు చెంగమ్మను పిలిచి నేర్పింది. "సంచి విప్పొద్దు. విప్పితే పురుగు పడుతుంది. రెండు వేళ్ళతో పైనుంచి తడిమి చూడు. ఎండిన పువ్వయితే పొడి అవుతుంది. పిందె అయితే గింజలా తగులుతుంది." చెంగమ్మ తడిమింది. ఒకటి తగిలింది. రెండు తగిలాయి. చెంగమ్మ అరిచిన అరుపుకు తోటలో కాకులన్నీ లేచాయి. ఊరి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆ సాయంత్రం నేను గ్రంథం తెరిచి పిందెల కబురే చెప్పాను. మూసేశాను.

వడగాలి వచ్చింది. ఆ వేసవి మీకు గుర్తుండే ఉంటుంది, పిట్టలు చెట్ల మీద నుంచి పడిపోయాయి. పిందెలన్నీ రాలాయి.

చెంగమ్మ తోటకు పోవడం మానేసింది. చేపలు ఇంకెవరి చేతో పంపేది. ఆమే ఒకరోజు చెంగమ్మ గుడిసెకు పోయి గడప మీద కూర్చుంది. నేను అక్కడే ఉన్నాను.

"నిలిచింది చెంగమ్మా. రాలింది నిజమే. కానీ నిలవగలదని తెలిసింది కదా" అంది.

"రాలడం నాకు కొత్తా మేడం?" అంది చెంగమ్మ.

ఆ మాటకు జవాబు చెప్పగల గ్రంథం ఉంటే ఎవరైనా నాకు తెచ్చివ్వండి. ఆమె చెంగమ్మ పక్కన కూర్చుని రొయ్యలు ఒలిచింది. చేతకాక ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు రక్తాలయ్యాయి. అయినా గిన్నె అయిపోయేదాకా లేవలేదు. పోయేటప్పుడు, "వచ్చే వసంతానికి రా" అంది. అంతే.

ఆ చలికాలం రెండు దెబ్బలు తగిలాయి. ముందు తుపాను. కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. ఫ్రిజ్‌లో సీసా గతి ఏమిటని నేను అనుకునేలోపే చెంగమ్మ వానలో తోటకు పోయి, చేపలకు ఐసు పోసే పెట్టెలో ఆ సీసా పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. పడవల దగ్గర మిగిలిన ఐసంతా అడుక్కుని పోసింది. నీళ్ళు తగలకుండా సీసాకు ప్లాస్టిక్కు చుట్టి, మూత మీద మైనం పూసింది. "మేడం, నీ పుప్పొడి చేపల కంపు కొడతాది, మళ్ళీ నన్ననొద్దు" అని ఫోనులో చెప్పింది.

నీళ్ళు తీశాక ఉప్పుటేరు అవతలి నుంచి పెద్దకాపు ఫోను చేశాడు. "సామీ, సముద్రం తోపులోకి వచ్చినాది. చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. మేడంకి ఎట్ట చెప్పేది?"

నేనే పోయి చెప్పాను. ఆమె నెల్లూరులో తమ్ముడి ఇంట్లో మంచం మీద ఉంది. చెప్పడానికి పోయినవాడికి ఇంకో కబురు ఎదురొచ్చింది. కడుపులో క్యాన్సరు, బాగా ముదిరింది. ఇద్దరం ఒకరి కబురు ఒకరికి చెప్పుకున్నాం. చివరికి ఆమే అంది, "సీసాలో ఉన్నది ఒక్క వసంతానికి సరిపోతుంది స్వామీ. నాకూ అంతే సరిపోతుందనుకుంటా."

దేవుడి మాట చెప్పేవాడికి దేవుడి మీద కోపం ఉండకూడదంటారు. నాకు ఉంది. ఆ రోజు బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి, పైకి చూసి, మా పడవలవాళ్ళ భాషలో అడగవలసినవన్నీ అడిగాను. తాగుబోతుల ఇళ్ళు కూల్చవు, ఇసుక దోచేవాళ్ళ లారీలు కూల్చవు, నీ అమ్మవారి తోపులో చెట్టును కూల్చావు. ఆ చెట్టు కోసం బతికిన మనిషి కడుపులో పుండు పెట్టావు. ఇదేం లెక్క? జవాబు రాలేదు. రాలేదని నేను పురాణం మానలేదు. వింటున్నాడో లేదో, నేను అడుగుతూనే ఉంటాను.

ఈ వసంతంలో వీర చెట్టు మొగ్గ తొడగ్గానే ఆమె వచ్చింది. తమ్ముడు కారులో తెచ్చాడు. జుట్టు లేదు, తలకు తువ్వాలు చుట్టుకుంది. చెయ్యి భుజం దాకా లేవడం లేదు. చెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. గానుగ పూలు ఆమె ఒళ్ళో రాలుతున్నాయి. నిచ్చెన ఎక్కింది చెంగమ్మ. కుంచె పట్టుకుని మొదటి పువ్వు దగ్గర ఆగిపోయింది.

"నా చెయ్యి మంచిది కాదు మేడం" అంది పైనుంచి. "నాది తగిలితే ఇది గూడా..."

"నీ చెయ్యి ఐసులో పుప్పొడిని బతికించిన చెయ్యి. నోరు మూసుకుని అద్దు" అంది ఆమె. గొంతు లేదు, కోపం మాత్రం ఉంది.

పాత సంచులు తుపానుకు చిరిగిపోయాయి. ఆమె తన పాత వాయిలు చీర తెచ్చింది, నీలం చుక్కలది. చెంగమ్మ అది చించి సంచులు కుట్టింది. చివరి సంచి కట్టేసరికి సీసా ఖాళీ. ఆమె ఆ సీసా అడిగి తీసుకుని, మూత తీసి వాసన చూసింది. "నిజమే, చేపల కంపే" అంది. ముగ్గురం నవ్వాం. అదే ఆఖరు నవ్వు.

కారు ఎక్కేముందు నన్ను పిలిచింది. "నా కోసం ఏమీ చదవకండి స్వామీ. నాకు ఇష్టం లేదు. చెట్టు కింద మాత్రం రోజూ ఏదన్నా చదవండి. మీ గొంతుకు చీమలు పారిపోతాయి." నేను రోజూ పోయి చదివాను. చీమలు పోయాయో లేదో తెలియదు.

సంచులు తడమడానికి వేళ అయ్యేలోపే ఆమె పోయింది.

పెన్న ఒడ్డున దహనం చేశారు. తమ్ముడు నిప్పు పెట్టాడు. ఉప్పుటేరు అవతలి నుంచి పెద్దకాపు, దీపం పెట్టే ముసలామె, ఇంకా చాలామంది వచ్చారు. ముసలామె చిటికెడు పసుపు తెచ్చి ఆ పాదాలకు రాసింది. అక్కడ బంధువు ఒకాయన, పేరు నాకెందుకు, పక్కవాడితో అంటున్నాడు: "పిల్లా జెల్లా లేని బతుకు. ఏం మిగిలింది చెప్పు." నేను ఊరుకునేవాణ్ణి కాదు కదా. "అయ్యా, ఆమె ఎవరి చెట్టూ నరకలేదు, ఎవరి ఇసుకా తోడలేదు. ఒక ఆడ చెట్టు ఒంటరిదై నిలబడి ఉంటే దానికి తోడు వెతికింది. ఎగతాళి పాలైన ఆడదాని చేతికి కుంచె ఇచ్చింది. పది మందిని కన్న ఏ మహానుభావుడు ఆ పని చేశాడో చూపించండి, ఇక్కడే ఆయన కాళ్ళ మీద పడతాను!" అన్నాను. కాటి దగ్గర అంత గట్టిగా అరవకూడదని ఎవరో నా భుజం నొక్కారు. కండువా పట్టి లాగే మనిషి లేదు కదా, ఎవరు నొక్కితే ఆగుతాను?

మధ్యాహ్నానికి తోటకు తిరిగొచ్చాం, చెంగమ్మా నేనూ. తోటకు కొత్త పెద్ద ఇంకా రాలేదు. గేటు బార్లా తీసి ఉంది. పొన్న పూసింది. ఊడుగ పూలు రాలి ఎండిపోయాయి. వేప కింద పరిచిన పాతచీర పరిచినట్టే ఉంది, దాని మీద పూత ఎర్రబడిపోయింది. ఎవరూ ఏరలేదు.

వీర చెట్టు కింద కుర్చీ అలాగే ఉంది. నేను ఇసుకలో కూర్చుని గ్రంథం తీశాను. ఆకును ఎక్కడ పెట్టానో అక్కడే తెరుచుకుంది. చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

చెంగమ్మ నిచ్చెన ఎక్కింది. సంచి విప్పలేదు. నేర్పినట్టే రెండు వేళ్ళ మధ్య పట్టి పైనుంచి తడిమింది.

"లేదు" అంది.

పక్కదానికి పోయింది. "లేదు." ఇంకోటి. "లేదు సామీ, పొడి అయిపోయింది." నిచ్చెన జరిపాను. మళ్ళీ ఎక్కింది. లేదు. లేదు. కొమ్మ కొమ్మకూ అదే మాట, రానురాను గొంతు సన్నగిల్లుతూ. సముద్రం మీది నుంచి గాలి లేచింది. నీలం చుక్కల సంచులన్నీ ఒక్కసారి ఎగిరాయి, వాటి మధ్య రంగు వెలిసిన పసుపు ముడుపు ఒకటి.

చివర గోడవైపు వంగిన కొమ్మ మిగిలింది. దాని కొసన ఒకే సంచి. చెంగమ్మ చెయ్యి చాచి పట్టుకుంది. నేను "లేదు" అన్న మాట కోసం తల వంచుకుని కూర్చున్నాను.

ఆ మాట రాలేదు. తల ఎత్తాను. మిగతా సంచులు గాలికి కొట్టుకుంటున్నాయి. చెంగమ్మ వేళ్ళు దాని మీదే ఉన్నాయి. తియ్యడం లేదు.